తడి మూస

పోయినవారం కథ దొడ్లో, సుత్తి దెబ్బ దగ్గర ఆగింది. అరుగు మీద మిగిలిన ఒక్క మూసనూ కోడలు తన చేతులతో బద్దలు కొట్టింది. అది జంట మూసల్లో రెండోది. మొదటిదాంట్లో ఆమె భర్త కరిగిన కంచు పోస్తుండగా అది పేలింది. అతను పోయి నెలన్నర. రెండు మూసలూ ఆమె ఒకే రోజు కట్టింది. ఒకే మట్టి, ఒకే ఎండ. ఎండ వాలేసరికి వీధిలో గంటలు పోసే ఇళ్ళ మగవాళ్ళు వచ్చి కూర్చుంటారు. వాళ్ళ ముందు ఆమె, మూస తడిది, తప్పు నాది అని చెప్పాలి. మనిషి పోయిన కొలిమిని, తప్పు ఎవరిదో తేలకుండా మళ్ళీ వెలిగించకూడదన్నది ఆ వీధి కట్టుబాటు.

మట్టి పెంకు రెండుగా విడిపోయింది. లోపల మైనపు గంట చెక్కు చెదరలేదు. ఆ మైనం ఆమె పేనిందే. సన్నటి తీగల్లా పేని, మట్టి గుండు చుట్టూ వరుసగా చుట్టి, తడి బొటనవేలితో నునుపు చేసి, దాని మీద మెత్తటి మట్టి పూతలు వేసి, నీడలో కొన్నాళ్ళు, ఎండలో కొన్నాళ్ళు ఆరబెట్టింది. అంతవరకే ఆడవాళ్ళ పని. తరవాత మూస కొలిమి కొట్టంలోకి వెళ్తుంది. అక్కడ నిప్పు మీద మైనం కరిగి కారిపోతుంది. మట్టిలో మిగిలిన చెమ్మ, మూసకు పైన ఉంచిన ఊపిరి కన్నంలోంచి ఆవిరిగా పోతుంది. ఆవిరి పూర్తిగా ఆగాకే, మైనం ఖాళీ చేసిన చోట కంచు పోస్తారు. ఆగకముందు పోస్తే లోపలి చెమ్మ కంచును వెనక్కి విసిరేస్తుంది.

కోడలు పెంకు లోపలి వైపు గోటితో గీసింది. పొడి రాలింది.

"నెలన్నరయ్యాక ఏ మూసైనా ఆరుతుంది అమ్మాయ్" అంది అత్త గుమ్మంలోంచి. "అది ఎవరికి చూపిస్తావు?"

"ఎవరికీ చూపించను. నాకోసం చూసుకున్నాను."

"చూసుకున్నావుగా. ఇక లోపలికి రా. ముఖం కడుక్కో. వాళ్ళొచ్చే వేళవుతుంది."

కోడలు లేవలేదు. మైనపు గంట ఒళ్ళో పెట్టుకుని, వెనక గోడ వైపు చూసింది. ఆ గోడకు అవతల కొలిమి కొట్టం. ఇవతల రోలు. వాడేసిన మూసల పెంకుల్ని ఆ రోట్లో దంచి, జల్లించి, మళ్ళీ మట్టిలో కలుపుతారు. అత్త ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ ఆ రోటి దగ్గర కూర్చుంటోంది. రోటి పక్కన గోడలో ఒక ఇటుక సగం ఊడి ఉంటుంది.

"అత్తయ్యా, పొద్దున నేను మీ పీట మీద కూర్చుని చూశాను. ఆ ఇటుక సందులోంచి కొలిమి గుంట కనిపిస్తుంది. మూస పెట్టే చోటు తిన్నగా కనిపిస్తుంది."

"పొగ కనిపిస్తుంది. కళ్ళు మండుతాయి. అంతే."

"ఆ పూట మీరు దంచుతున్నారు. నేను వాకిట్లో మైనం వడకడుతున్నాను. మీ రోకటి పోటు వినిపిస్తూనే ఉంది. ఒక్కసారి చెప్పండి. ఆవిరి ఆగిందా, లేదా?"

అత్త గుమ్మం దిగి వచ్చింది. వచ్చి పీట లాక్కుని కోడలికి ఎదురుగా కూర్చుంది. చాలాసేపు పెంకు ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చింది. ఆమెకు చేతులు ఊరికే ఉంచడం రాదు.

"నీ పెళ్ళైన కొత్తలో నీతో ఒక మాటన్నాను, గుర్తుందో లేదో. మన పని కరిగిపోవడానికే చేస్తాం, కనపడాలని చూడకు అని."

"గుర్తుంది. నవ్వుతూ అన్నారు."

"మా అత్త నాతో నవ్వకుండా అంది." పెంకులు పేర్చడం ఆపింది. "అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారే లోకంలో. ఇది అడుగోటిది కాదమ్మా. కొత్త కుండే. కొట్టింది నేను."

కోడలికి అర్థం కాలేదు. అర్థం కాలేదని అత్తకు తెలిసింది. ఆమె గొంతు తగ్గించలేదు, పెంచలేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతున్న మనిషిలా, ఒక్కొక్క మాటా చూసి పక్కన పెట్టింది.

"మీ మామయ్యకి చూపు ఆనదు. రెండేళ్ళ నుంచి. మనిషి నీడ తెలుస్తుంది, పెద్ద మంట తెలుస్తుంది. ఆవిరి తెలీదు. ఎన్నేళ్ళు కంచు కరిగే ఆ ఎర్రటి కుండలోకి చూశాడో లెక్క లేదు, కళ్ళు అందులోనే పోశాడు."

"మరి పోయమని మామయ్యే కదా చెప్పేది."

"ఆయనే చెప్పాలి. పోసేవాడి చూపు కంచు ధార మీద ఉంటుంది. ఊపిరి కన్నం చూసి మాట చెప్పేది ఇంటి పెద్ద. చూపు పోయిన పెద్ద కొలిమి వదిలెయ్యాలి. వదిలితే అది తమ్ముడి ఇంటికి పోతుంది. మీ ఆయనకి పెద్దరికం వచ్చేదాకా ఎలాగోలా లాగుదామనుకున్నాడు. చెప్పుకోవడానికి ఎవరున్నారు, నాతో చెప్పాడు."

"మీతో చెప్తే?"

"నేను దంచుతూ చూసేదాన్ని. ఆవిరి పోతున్నంతసేపూ రోకలి ఆడుతుంది. ఆవిరి ఆగితే రోకలి ఆగుతుంది. రోకలి ఆగితే ఆయన పోయమంటాడు. రెండేళ్ళు ఒక్క గంట బీటలివ్వలేదు. ఆయన చూపు ఉన్నప్పుడు ఇచ్చాయి, నేను చూశాక ఇవ్వలేదు."

ఆ మాటలో గర్వం లాంటిది ఏదో ఒక్క క్షణం కనిపించి పోయింది.

"నోటితో చెప్పొచ్చుగా అత్తయ్యా. గోడ అవతలే కదా."

"ఆడగొంతు కొట్టంలో పడితే కంచు పొంగుతుందని కదా వాళ్ళ నమ్మకం. రోకలి చప్పుడుకి పొంగదట. ఎవరూ దాన్ని చప్పుడనుకోరు. గోడ మీద పిచుకనీ, నా రోకలినీ ఒక్కలాగే వింటారు."

పక్కింటి పైపు దగ్గర ఎవరో బిందె దించారు. ఇద్దరూ ఆ చప్పుడు పోయేదాకా ఆగారు.

"ఆ పూట" అంది కోడలు.

"ఆ పూట ఆవిరి ఉంది. చాలానే ఉంది. నీ మూసలో తప్పేం లేదు, పెద్ద మూస కాబట్టి ఆలస్యమవుతుంది, అంతే. నేను దంచుతూనే ఉన్నాను. కుడి మణికట్టు తిమ్మిరెక్కింది. చెయ్యి మార్చుకున్నాను."

కోడలు ఆమె చేతుల వైపు చూసింది.

"రోకలి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి. అంతే. ముప్పై ఏళ్ళుగా పోటు తప్పకుండా మార్చుకుంటాను, ఆ పూట పట్టు జారింది. మళ్ళీ ఎత్తేలోపు లోపలి నుంచి ఆయన గొంతు వినిపించింది. పోయ్ అని."

ఆ తరవాతది వీధి వీధంతా విన్నదే.

కోడలు ఏడవలేదు. ఈ నెలన్నరలో అడిగిన ప్రతివాళ్ళకూ నాదే తప్పు అని చెప్పింది. చెప్పగా చెప్పగా అది ఆమెకు ఒక ఆసరా అయింది. రాత్రుళ్ళు ఏ పూత దగ్గర పొరపాటు చేశానా అని ఒక్కొక్క పూతా గుర్తు చేసుకుంటూ పడుకునేది. ఇప్పుడు ఆ ఆసరా కూడా పోయింది. తేలికవుతుందనుకున్నది తేలిక కాలేదు. ఎదురుగా కూర్చున్న మనిషిని కోప్పడదామంటే, ఆమె తన కొడుకుని పోగొట్టుకున్న తల్లి.

"మామయ్యకి తెలుసా?"

"రోకలి ఆగిందని తెలుసు. ఎందుకు ఆగిందో ఇంతవరకూ అడగలేదు. నేను చెప్పలేదు. ఆయన అన్నం తిని వెళ్ళిపోతాడు, నేను గిన్నెలు తీసుకుని వెళ్ళిపోతాను."

"వాళ్ళ ముందు చెప్తారా?"

"ఏమని? ఈ ఇంటి గంటలన్నీ ఒక ముసలిదాని రోకటి పోటుకి పోసినవనా? కొన్నవాళ్ళు తెచ్చి వాకిట్లో పడేస్తారు. ఆయన వీధిలో తలెత్తగలడా? ఒకణ్ణి పొట్టన పెట్టుకున్నాను కదా, ఆయన్ని కూడా పెట్టుకోమంటావా?"

"నన్ను చెప్పమంటారు, అయితే."

అత్త పెంకు ముక్కల్ని మళ్ళీ పేర్చడం మొదలుపెట్టింది.

అప్పుడే మామ దొడ్లోకి వచ్చాడు. ఇన్నాళ్ళూ కోడలు గమనించనిది ఇప్పుడు కళ్ళారా చూసింది. ఆయన గోడ పట్టుకోలేదు కానీ, గోడకు జానెడు దూరంలోనే నడిచాడు. అరుగు అంచు మోకాలికి తగిలాక ఆగాడు. మైనపు గంట ఆమె ఒళ్ళోంచి అరుగు మీదకు చేరి ఉంది. ఆయన చెయ్యి దానికి తగిలింది. తీసుకుని, బొటనవేలితో అంచు చుట్టూ ఒకసారి, పైనుంచి కింది దాకా ఒకసారి నిమిరాడు.

"మందం ఎక్కడా తప్పలేదు" అన్నాడు. "ఎందుకు పగలగొట్టావమ్మా? మంచి గంటయ్యేది."

"తడి ఉందేమోనని మామయ్యా."

ఆయన గంటను అరుగు మీద నెమ్మదిగా బోర్లించాడు. కాసేపు దాని మీద చెయ్యి తియ్యలేదు.

"ఇవాళ నిదానంగా చెప్పు. ఏడవకు. ఏడిస్తే వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడుగుతారు" అన్నాడు. అని, వచ్చిన దారినే వెళ్ళాడు.

*

మగవాళ్ళు చెప్పిన వేళకే వచ్చారు. వాకిట్లో కుర్చీలు చాలక, మామ తమ్ముడి కొడుకు పక్కింటి నుంచి రెండు మోసుకొచ్చాడు. అతన్ని అందరూ పొడుగు అంటారు. గుమ్మం కింద తల వంచడం మర్చిపోయి రోజుకొకసారైనా దెబ్బ తింటాడు. ఇవాళా తిన్నాడు.

"ఈ గుమ్మానికి నా మీద పగ" అన్నాడు నుదురు రుద్దుకుంటూ.

"గుమ్మానిది కాదురా, మీ అమ్మది తప్పు. ఎరువేసి పెంచింది" అన్నాడు గంటల తాత. వీధిలో అందరికంటే పెద్దవాడు ఆయనే. నలుగురు నవ్వబోయి, ఏ ఇంట్లో ఉన్నారో గుర్తొచ్చి సర్దుకున్నారు.

ఆడవాళ్ళు లోపలి గుమ్మం దగ్గర నిలబడ్డారు. అత్త, కోడలు, వాళ్ళకు కాస్త వెనకగా పొడుగు భార్య. మామ వాకిట్లో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ముఖం సరిగ్గా గంటల తాత వైపే ఉంది. గొంతును బట్టి తిప్పుకున్నాడని కోడలికి తప్ప ఎవరికీ తెలీదు.

"అమ్మా, నిన్ను బాధపెట్టడానికి రాలేదు మేం" అన్నాడు తాత. "ఒక్క మాట నీ నోట వింటే మా దారిన మేం పోతాం. మూస ఎందుకు పేలింది?"

కోడలు చెప్పవలసింది పొద్దుటి నుంచీ నాలుక మీదే ఉంది. వచ్చింది వేరే మాట.

"మూస ఆరింది తాతయ్యా."

కుర్చీలు కిర్రుమన్నాయి.

"ఆరిన మూస పేలదు కదమ్మా."

"కొలిమి మీద చెమ్మ పూర్తిగా పోతే పేలదు."

"అంటే? పోకముందే పోశారంటావా?" తాత గొంతులో ఇందాకటి మెత్తదనం లేదు. "కన్నం చూసి మాట చెప్పింది మీ మామ. నలభై ఏళ్ళుగా చెప్తున్నాడు. తప్పు ఆయనదంటావా? ఆలోచించుకుని చెప్పు."

వాకిలి మొత్తం ఆమె నోటి వైపు చూసింది. మామ ఒక్కడే చూడలేదు. ఆయన మోకాళ్ళ మీద రెండు చేతులూ విప్పి పెట్టుకుని ఉన్నాడు, ఏదో ఇస్తే పుచ్చుకోవడానికి అన్నట్టు. కోడలు నోరు తెరిచింది.

"దాన్ని అడగకండి" అంది అత్త.

గుమ్మం దాటి ఒక అడుగు బయటకు వచ్చింది. ఆ వాకిట్లో మగవాళ్ళ ముందు ఆమె అంత పెద్దగా మాట్లాడటం ఎవరూ వినలేదు.

"ఆఖరి పూత నేను వేశాను. అది తలనొప్పని పడుకుంటే నేనే వేశాను. మట్టి పల్చగా కలిపాను. నీళ్ళెక్కువయ్యాయి. దానికి తెలీదు. తెలీక ఇన్నాళ్ళూ మీద వేసుకుంది."

ఒక్క ముక్క నిజం లేదందులో. ఆఖరి పూత కోడలే వేసింది, అత్త చూస్తుండగా. మామకు కూడా తెలుసు. ఆయన తల కొద్దిగా భార్య గొంతు వైపు తిరిగింది. ఏదో అనబోతున్నాడని కోడలు అనుకుంది. తప్పు నాది అనే మాట ఆయన పెదవుల దాకా వచ్చిందని ఇప్పటికీ నమ్ముతుంది. ఆయన తల మళ్ళీ దించుకున్నాడు.

తాత ఊపిరి వదిలాడు. మిగతావాళ్ళూ వదిలారు. ఆ వాకిట్లో అంతమంది మగవాళ్ళు ఒక్కసారిగా తేలికపడటం స్పష్టంగా కనిపించింది.

"అత్తో, కోడలో, ఎవరైతేనేం. తప్పు మూస దగ్గర జరిగింది, కొలిమి దగ్గర కాదు. అది తేలింది, చాలు" అన్నాడు తాత. "కన్నతల్లివి. నీకంటే పెద్ద శిక్ష మేమేం వేస్తాం. కానీ ఇకమీదట ఈ ఇంట్లో మట్టి కలపొద్దు, మైనం ముట్టొద్దు. మూసలు తమ్ముడింటి నుంచి వస్తాయి. ఆ రోలు కూడా అక్కడికే పోనివ్వండి. కనపడుతుంటే చెయ్యి ఊరుకోదు."

కోడలు నేర్చిన పని ఆ నాలుగు మాటల్లో పోయింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. ఆమెను శిక్షిస్తున్నామని కూడా వాళ్ళకు తట్టలేదు.

ఇద్దరు లేచి దొడ్లోకి వెళ్ళారు. రోలు నేల మీద దొర్లుతున్న చప్పుడు ఇల్లు దాటి, వీధిలోకి వెళ్ళింది.

"తప్పు తేలిన పూటే ఒక్క గంటైనా పోయాలి" అన్నాడు తాత లేస్తూ. "లేకపోతే కొలిమిలో భయం గూడు కడుతుంది. చిన్నదైనా సరే."

"ఆ సంగతి నేను చూసుకున్నాను తాతా" అన్నాడు పొడుగు. "పొద్దుటి నుంచీ మా గుంటలో మూస కాలుతోంది. కంచు కూడా కరగబెట్టించాను. పెదనాన్న కొలిమిలోకి మార్చుకోవడమే తరవాయి. అన్నయ్య చోట నేను నిలబడతాను."

పొద్దుటి నుంచీ అన్న మాట కోడలి చెవిలో ఆగిపోయింది. తను గోటితో పెంకు గీసి చూసుకుంటున్నప్పుడు, రెండిళ్ళ అవతల నిప్పు వెలుగుతూనే ఉంది. ఏం తేలుతుందో వాళ్ళకు ముందే తెలుసు. తేలనిదల్లా ఏ ఆడమనిషి పేరుతో అన్నదొక్కటే.

"మూస ఎవరు కట్టారు?" అని అడిగింది.

"నేనే అక్కా" అంది పొడుగు భార్య వెనక నుంచి, కాస్త సిగ్గుగా, కాస్త సంబరంగా. "మొదటిసారి ఒక్కదాన్నే కట్టాను. ఈ మబ్బులకి సరిగ్గా ఆరలేదేమోనని బెంగగా ఉంది. అయినా పెద్దమావయ్య కన్నం దగ్గర ఉంటారుగా."

కోడలు అత్త వైపు చూసింది. అత్త చూపు దొడ్డి వైపు, రోలు లేని చోటు వైపు పోయింది. తన మాటతో ఆయన పరువు నిలబెట్టింది. ఆ మాటతోనే ఆయన కళ్ళు కూడా తీసి వీధిలోకి దొర్లించేసింది. అది ఆమెకు ఇప్పుడే తెలిసింది.

వాకిట్లో మగవాళ్ళు కొట్టం వైపు కదిలారు. మామ లేచి నిలబడి, పొడుగు భుజం మీద చెయ్యి వేశాడు. ఆశీర్వదిస్తున్నాడనుకుని పొడుగు తల వంచాడు.

"వదినా, టీ పెట్టి ఉంచు. చెమటలు కక్కుకుంటూ వస్తాం" అన్నాడు నవ్వుతూ. ఈసారి కొట్టం గుమ్మం కింద తల వంచి జాగ్రత్తగా లోపలికి వెళ్ళాడు.

అత్త కోడలి మణికట్టు పట్టుకుంది. వేళ్ళు ఎముక దాకా దిగాయి.

"ఆయన ఆగుతాడు" అంది గుసగుసగా. "తెలీకపోతే పోయమనడు. ఆగుతాడు."

"ఎంతసేపు ఆగుతారు అత్తయ్యా? అంతమంది ముందు?"

అత్త పట్టు ఇంకా బిగించింది. కోడలు ఒక్కొక్క వేలే విడదీసి చెయ్యి లాక్కుంది.

కొట్టం గడప దగ్గర పొడుగు భార్య నిలబడి ఉంది. తన మొదటి మూసను చూడాలని మెడ సాచి, కాళ్ళు మాత్రం గడపకు ఇవతలే ఉంచింది. లోపల కుండ మూత తీశారు. ఎర్రటి వెలుతురు ఆమె చెంప మీద పడింది.

"ఆగక్కా, ఇక ముందుకు రాకూడదు. నిప్పు మీద ఉన్నారు" అంది.

"మీ ఆయన్ని బయటికి పిలువు."

"ఇప్పుడా? పట్టకారు ఎత్తేశారు. నా గొంతు లోపల పడితే తాత చంపేస్తాడు."

"పిలువు."

"ఎందుకక్కా?"

ఆమె కళ్ళల్లో ఇంకా ఆ సంబరం పోలేదు. కోడలు ఆమె భుజం మీదుగా లోపలికి చూసింది. మూస పైనుంచి సన్నటి తెల్లటి ఆవిరి తీగ ఒకటి, ఆగకుండా పైకి పోతోంది. దాని ఎదురుగా మామ నిటారుగా నిలబడి, తల కాస్త పక్కకు వంచి, వెనక గోడ వైపు చెవి పెట్టి ఉన్నాడు. గోడ అవతల, రోలు లేని దొడ్డంతా నిశ్శబ్దంగా ఉంది.